గర్భసంచి రాజకీయాలు – 3: ఒకే వాడ, రెండు తీర్పులు

"ఇంత లేటా అమ్మా?" సంతాన సాఫల్య కేంద్రంలో మొదటి మాట ఇదే. 35 దాటితే అండాల సంఖ్య, నాణ్యత తగ్గుతాయి. శరీర ధర్మం, కాదనను. నేను అడిగేది, లేటు చేసిందెవరు? నెలల తరబడి రాని ఫెలోషిప్, భర్తీ చేయని బ్యాక్‌లాగ్ పోస్టులు, తమ్ముళ్ల ఫీజులు. మొదటి తరం చదువుకున్న మన అమ్మాయి వయసును ఇవే తినేశాయి.

అదే వయసులో, వాడలో ఉన్న ఆమె అక్కను చూడండి. పత్తి చేలో కూలి. తెల్లబట్ట అవుతోందని వెళ్తే "పిల్లలు పుట్టారుగా, ఉంచితే క్యాన్సరొస్తుంది" అని భయపెట్టి గర్భసంచి తీసేస్తారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేసినవారు దేశంలో సుమారు 3 శాతం. ఆంధ్రా, తెలంగాణల్లో 8 శాతం పైనే. చదువుకోని పల్లె ఆడవాళ్లలో ఇంకా ఎక్కువ.

చెల్లికి "ఆలస్యమైంది", అక్కకు "అవసరం లేదు". అప్పు మాత్రం ఇద్దరికీ.

2021 చట్టం స్త్రీకి 50 ఏళ్ల వరకు ఐవీఎఫ్‌కు అనుమతిచ్చింది. లక్షలు ఎవరిస్తారు?

అందుకే మన డిమాండ్లు: గర్భానికి ముందే రక్తహీనత, థైరాయిడ్, షుగర్ పరీక్షలు, కనీసం నెల ముందు నుంచి ఫోలిక్ యాసిడ్ పీహెచ్‌సీలో ఉచితంగా ఇవ్వాలి. మగవాడికీ మొదట్లోనే వీర్య పరీక్ష చేయాలి. సర్కారు దవాఖానాల్లో ఐవీఎఫ్ పెట్టాలి. రెండో డాక్టరు చూడకుండా గర్భసంచి తీయకూడదు. ఫెలోషిప్ నెలనెలా పడాలి.

మీ హాస్టల్లో, మీ సంఘంలో ఇవి చర్చకు పెట్టండి. సిగ్గుపడాల్సింది మనం కాదు.

జై భీమ్.