రసాస్వాదనము – మెదడు



“పాటలు కడుపు నింపునా? ముగ్గులు మార్కులు తెచ్చునా?” అను మాట గృహములందు తఱచుగా వినబడుచున్నది. బాలిక పదవ తరగతికి వచ్చినంతనే సంగీతపాఠము మాన్పింతురు. గృహిణి కాసేపు కూర్చుండి యొక కీర్తన వినినచో, పొద్దుపుచ్చుచున్నదని యెత్తిపొడుతురు. కళ తీరిక గలవారి వేడుక మాత్రమే యని యీ మాటల తాత్పర్యము. ఇది యెంతవఱకు సత్యమో యీ మాసమున విచారింతము.

భరతముని నాట్యశాస్త్రము ఆఱవ అధ్యాయమున రసమును భోజనముతో పోల్చెను. పలు వ్యంజనములతో గూడిన యన్నమును భుజించువారు రుచుల నెఱిగి సంతసించునట్లే, సహృదయులగు ప్రేక్షకులు భావముల నాస్వాదించి సంతసింతురని యాయన మతము. ఈ పోలిక వట్టి యలంకారము కాదని నేటి మస్తిష్కశాస్త్రము వలన తెలియుచున్నది.

కెనడా దేశమందలి మాంట్రియల్ నగరమున, మెక్‌గిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ఎనమండుగురిని పరీక్షించిరి. ప్రియమైన సంగీతము వినునపుడు ఒడలు గగుర్పొడుచు స్వభావము గలవారినే యెంచుకొనిరి. వారు కోరిన సంగీతమునే వినిపించుచు యంత్రములచే మెదడును పరిశీలించిరి. ఆనందము పరాకాష్ఠ నందినవేళ మెదడు లోతున నొకచోట డోపమైన్ అను ద్రవ్యము వెలువడినది. ఆకలిగొన్నవారిని అన్నమువైపు లాగుటలో పాలుగొనునదియు ఈ ద్రవ్యమే. అంతకంటె వింత యేమనగా, ఆ ఘట్టము రాకమునుపే, అది వచ్చునని మనస్సు ఎదురుచూచు క్షణములందే, వేఱొకచోట నది వెలువడినది.

ఎదురుచూచుటకు ముందుగా నెఱిగియుండవలెను గదా! పల్లవిపై సంగతి వెంట సంగతి పెరుగుచుండగా, పరిచయము గలవారు తరువాతి మలుపుకొఱకు చెవి యొగ్గియుందురు. ఎన్నిమారులు వినినను విసుగు పుట్టకుండుటకు ఇదియు నొక కారణమని మా యూహ. కావ్యములను మరల మరల పరిశీలించుటచే మనస్సు అద్దమువలె నిర్మలమైనవారే సహృదయులని అభినవగుప్తుడు చెప్పుటయు నిందుకు సరిపోవుచున్నది.

చిత్రముల సంగతి యేమి? అదే 2011లో లండన్ నగరమున ఇరువది యొక్కరికి చిత్రములు చూపిరి, సంగీతము వినిపించిరి. సుందరమని వారికి తోచినపుడెల్ల, కన్నులకు పైగా, నుదుటి వెనుక నడిమిభాగమున నొక స్థానము చురుకుదనము చూపినది. కన్ను వేఱు, చెవి వేఱు అయినను, సౌందర్యానుభవము రెంటికిని అచ్చట కలిసినది.

ఇచట నొక హెచ్చరిక. ఇతర సుఖములు చక్కగా ననుభవించుచు, సంగీతమునందు మాత్రము సుఖమెఱుగని వారు కొందఱు గలరని 2014లో బార్సిలోనా పరిశోధకులు ప్రకటించిరి. పాటలోని దుఃఖమును, సంతోషమును వారు గుర్తింపగలరు, ధనలాభమునకు సంతసింతురు, సంగీతమునకు మాత్రము వారి హృదయము కదలదు. కావున పాట రుచింపని బిడ్డను మొద్దని నిందింపరాదు. ఆ బిడ్డకు రంగులో, కథలో, నృత్యమో రుచింపవచ్చును.

సంగీతము వినినచో మార్కులు పెరుగునని మేము చెప్పబోము. ఈ పరిశోధనలు ఆ మాట చెప్పలేదు. చెప్పవలసిన పనియు లేదు. అన్నము తినుటకు మార్కుల సాక్ష్యము మనము కోరుచున్నామా? రసానందము మెదడునకు పైపూత గాక, దాని సహజధర్మములలో నొకటి యని తెలిసినపుడు, దానికి దినములో కొంత చోటిచ్చుట న్యాయము.

కావున మా మనవి యిది. పరీక్షల యేడైనను బాలిక పాట నాపకుడు. వారమునకు రెండు పాఠములు సాగనిచో నొకటియైనను సాగనిండు. పసిబిడ్డలకు ఒకే జోలపాటను మరల మరల పాడుడు. ఎదురుచూచుట వారికి అట్లే అలవడును. ఇక, అందఱికి వడ్డించి కడపట భుజించు సోదరీ! దినమునకు పావుగంట నీకు నచ్చిన పాటకో, పద్యమునకో, ముగ్గునకో కేటాయించుకొనుము. ఎవరేని ఎత్తిపొడిచినచో, ఇదియు నాకు భోజనమే యని నెమ్మదిగా చెప్పుము.