మందుబిళ్ళతోపాటు మాటయు నీయవలెను

అనకాపల్లి జిల్లా చీడికాడ మండలములో చెఱకు కోతలకును, వరి ఊడ్పులకును పోవు స్త్రీలు ఉదయమున ఇల్లు విడిచినది మొదలు ప్రొద్దుగ్రుంకి ఇల్లు చేరువఱకును చాలినంత నీరు త్రాగక, త్రాగినను మఱుగులేని చేలలో మూత్రవిసర్జనకు తావు దొరకక బిగబట్టుకొని, తుదకు మూత్రములో మంటతోడను పొత్తికడుపు నొప్పితోడను బాధపడుట ఆ ప్రాంతమున ఎవరికిని క్రొత్త సంగతి కాదు. వేడి చేసినదని తలంచి మొదట బార్లీనీళ్ళు, మజ్జిగ, నానిన సబ్జాగింజలు పుచ్చుకొందురు. రెండు మూడు దినములకు తగ్గనిచో గ్రామములోని ఆర్.ఎం.పి.కడకో చోడవరము మందుల దుకాణమునకో పోయి, స్ట్రిప్పునుండి కత్తిరించి యిచ్చిన నాలుగు బిళ్ళలను కొంగున ముడివేసికొని వత్తురు. ఆ ముక్కపై మందు పేరు సగము తెగియుండును. మిగిలిన సగము ఆంగ్లాక్షరములలో నుండును. ఆ మందు చేయు మేలును గూర్చి గాని, ఒక్కొక్కప్పుడు చేయు కీడును గూర్చి గాని తెలుగున ఒక్క మాటయు నుండదు. ఇచ్చువారును చెప్పరు, పుచ్చుకొనువారును అడుగరు.

ఈ మౌనమువలన రెండు విధములైన అనర్థములు పుట్టుచున్నవని నా నమ్మకము. భయపడ నక్కఱలేని దానికి భయపడి రోగి మందును నడుమనే విడిచిపెట్టును. భయపడవలసిన దానిని కూలిపని నొప్పియనియో, ఎండ దెబ్బయనియో, గ్రహచారమనియో భావించి కొనసాగించును. మొదటి దానివలన రోగము ముదిరి, సూక్ష్మజీవి ఆ మందునకు లొంగకుండుట నేర్చుకొనును. రెండవ దానివలన ఆరోగ్యవంతమైన దేహమే చెడును. ఈ రెంటిని నివారించుటకు క్రొత్త ఆసుపత్రులు కాని, ఖరీదైన యంత్రములు కాని అక్కఱలేదు; బిళ్ళ చేతికిచ్చువారు రెండు నిమిషములు మాటలాడిన చాలును.

మూత్రకోశమునకు మాత్రము పరిమితమైన ఇన్ఫెక్షనునకు నేడు వైద్యులు తొలుత తలంచు మందులలో నైట్రోఫ్యురాంటోయిన్ ఒకటి. 1953లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందు ఇంతకాలము గడచినను పదునుదప్పక పనిచేయుచున్నది. ఇది రక్తములో నిలువక, మూత్రపిండముల ద్వారా మూత్రములోనికి జారి, అచ్చటనే సాంద్రమై క్రిములను చంపును. దీని గుణమును దోషమును రెండును ఈ ఒక్క ధర్మమునుండియే పుట్టుచున్నవి. మందు మూత్రములో చేరుటచేత మూత్రము ముదురు పసుపురంగునకో గోధుమరంగునకో మాఱును; అది మందు రంగే గాని రక్తము కాదు, దానివలన హాని యేమియు లేదు. ఈ సంగతి ముందుగా చెప్పకపోయినచో రెండవనాడు ఆ రంగు చూచిన స్త్రీ గుండె జారిపోయి మిగిలిన బిళ్ళలను పెంటపై పాఱవేయుట సహజమే. వికారము, కడుపులో త్రిప్పుట కూడ కలుగవచ్చును; అన్నము తిన్న వెంటనే వేసికొనినచో అది చాలవఱకు తగ్గును.

అయితే మూత్రపిండములు క్షీణించినవారిలో ఈ మందు మూత్రమునకు చేరక రక్తములోనే పేరుకొని, కాళ్ళు చేతులు తిమ్మిరులెక్కుటకును, నరములు దెబ్బతినుటకును కారణమగును. పైగా రోగమును తగ్గింపదు. శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున మూత్రపిండ వ్యాధి ఎన్ని కుటుంబముల నార్చివేసినదో ఉత్తరాంధ్రమున ఎఱుగనివారు లేరు. తమకు ఆ జబ్బున్నట్లు తెలియకయే తిరుగుచున్నవారు మన గ్రామములలో లేరని ఎవరు చెప్పగలరు? కావున వృద్ధులకును, మధుమేహము రక్తపోటు కలవారికిని ఈ మందు వ్రాయుటకు ముందు మూత్రపిండముల పనితీరు తెలుపు క్రియాటినిన్ పరీక్ష చేయించుట మర్యాదకొఱకు చేయు పని కాదు, అవసరము. మంట తిరుగబెట్టుచున్నదని నెలలకొలది ప్రతిరాత్రియు ఒక బిళ్ళ వేసికొనువారు పొడిదగ్గు, ఆయాసము మొదలైనచో దానిని చలిగాలికి అంటగట్టక వెంటనే వైద్యునకు చెప్పవలెను. దీర్ఘకాలము వాడినవారిలో కొందఱికి ఈ మందు ఊపిరితిత్తులను బిగియజేయును.

ఇక నార్‌ఫ్లాక్ససిన్, సిప్రోఫ్లాక్ససిన్, ఆఫ్లాక్ససిన్, లీవోఫ్లాక్ససిన్ అను ఫ్లోరోక్వినొలోన్ జాతి మందులను గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. ఏలయనగా మన పల్లెలలో మూత్రమంటకు చీటీ లేకయే చేతికందు బిళ్ళలలో ఇవి ముఖ్యములు. ఈ జాతి మందులవలన కండరమును ఎముకతో కలుపు స్నాయుబంధములు వాచుటయు, ఒక్కొక్కప్పుడు తెగిపోవుటయు కలదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే మిక్కిలి తీవ్రమైన హెచ్చరికను మందు పత్రములపై ముద్రింపించెను. ఇతర మందులు లభించుచుండగా సామాన్యమైన మూత్రకోశ ఇన్ఫెక్షనునకు వీనిని వాడరాదని 2016లో అదే సంస్థ స్పష్టముగా చెప్పెను. అఱువదేండ్లు దాటినవారికిని, ఆయాసమునకో కీళ్ళనొప్పులకో స్టిరాయిడ్లు వాడుచున్నవారికిని ఈ ప్రమాదము అధికము. మడమ వెనుకనున్న పెద్ద స్నాయువు దీనికి తొలిగుఱి.

ఈ హెచ్చరికను చీడికాడ చేలలో నిలిచి చదువుకొనవలెను. చక్కెర కర్మాగారమునకో, అనకాపల్లి బెల్లము మార్కెటునకు సరకు పంపు గానుగలకో చెఱకు నఱకి మోపులు మోయు కూలికి మడమ నొప్పి, భుజము నొప్పి నిత్యకృత్యములు. మందు మొదలుపెట్టిన మూడవనాడు మడమ పీకినచో, రోజంతయు గట్లవెంట నడచుటవలన వచ్చినదనుకొని, నొప్పికి మఱియొక బిళ్ళ మ్రింగి మరల చేనికి పోవును. నగరములో కుర్చీపై గూర్చుండి పనిచేయువాడు గుర్తింపగల సూచన, దేహశ్రమయే జీవనమైనవాని విషయమున శ్రమలో కలిసిపోవుచున్నది. ఎవనికి ఆ స్నాయువు తెగిన బ్రతుకుదెరువే పోవునో వానికే ఆ ప్రమాదము కనబడకుండుట నాకు మిక్కిలి దుఃఖము కలిగించు విషయము. కావుననే చెప్పవలసినది చదువరికంటె ముందు చదువురానివానికి, వాని పనిని దృష్టిలో నుంచుకొని చెప్పవలెను: ఈ బిళ్ళలు వేసికొనునపుడు మడమయందు కాని భుజమునందు కాని క్రొత్తనొప్పి పుట్టినచో బిళ్ళ ఆపి, కాలికి విశ్రాంతినిచ్చి, డాక్టరును చూడవలెను. మందు ముగిసిన కొన్ని నెలలకు కూడ ఈ నొప్పి రావచ్చును.

ఇదే జాతి మందు మధుమేహమునకు బిళ్ళలు వాడువారిలో చక్కెరను హఠాత్తుగా దించివేయగలదు. చెమటలు, వణకు, కన్నులు చీకట్లు క్రమ్ముట దానికి గుర్తులు. కొందఱు వృద్ధులలో మతిభ్రమ, నిద్రలేమి కలిగించును. ఎండ పడిన చర్మమును కొందఱిలో మండించును. మఱియొక విషయము మన ఇండ్ల ఆచారమునకు సంబంధించినది. ఇంగ్లీషు మందు వేడి చేయునను నమ్మకముచేత తల్లి బిడ్డకును, కోడలు అత్తకును ఆ బిళ్ళను పాలతోనో మజ్జిగతోనో ఇచ్చుట మన యందఱి ఇండ్లలోను కలదు. సిప్రోఫ్లాక్ససిన్, నార్‌ఫ్లాక్ససిన్ అను మందులు పాలలోని కాల్షియముతో ముడివడి ప్రేగులలోనే నిలిచిపోవును. రక్తమునకు చేరవలసిన భాగము చేరదు. రక్తహీనతకు ఇచ్చు ఐరన్ బిళ్ళలును, కడుపుమంటకు త్రాగు యాంటాసిడ్లును ఇట్లే చేయును. ప్రేమతో ఇచ్చిన గ్లాసెడు పాలు మందును నిర్వీర్యము చేయుచున్నవని ఆ తల్లికి ఎవరు చెప్పిరి? మంచినీళ్ళతో వేసికొనుమనియు, పాలకును ఐరన్ బిళ్ళకును రెండు గంటలు ముందుగానో, ఐదాఱు గంటలు తరువాతనో ఉంచుమనియు చెప్పుటకు ఎంతసేపు పట్టును?

సెప్ట్రాన్ అను పేరుతో పెద్దవారెఱిగిన కో-ట్రైమాక్సజోల్ కథ వేఱు. సూక్ష్మజీవులు తమకు కావలసిన ఫోలికామ్లమును తామే తయారుచేసికొనును. మనుష్యులు దానిని ఆహారమునుండి గ్రహింతురు. ఈ భేదమును ఆధారము చేసికొని ఈ మందు క్రిమిని ఆకలిచే చంపి మనిషిని విడిచిపెట్టును. ఆ ఫోలికామ్లమును ప్రయోగశాలలో సిద్ధపఱచిన లెడర్లీ సంస్థలోని శాస్త్రజ్ఞుల బృందమునకు నాయకుడు, 1895లో భీమవరమున పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారే. ఆయన పర్యవేక్షణలోనే రూపొందిన మెథోట్రెక్సేట్ నేడు కీళ్ళవాతమునకు వారమునకొక పర్యాయము వాడబడుచున్నది. అదియు ఫోలికామ్లమునకు విరోధియే. ఈ రెండు మందులును ఒకే దేహమున కలిసినచో ఎముకమూలుగ అణగి రక్తకణములు ప్రమాదకరముగా క్షీణింపవచ్చును. కీళ్ళకు ఏ మందు వాడుచున్నావమ్మా అని అడుగు ఒక్క ప్రశ్న ఇచ్చట ప్రాణమును కాపాడును. రక్తపోటునకు ఎనలాప్రిల్, లోసార్టాన్ వంటివి వాడువారిలో ఇది పొటాసియమును పెంచి గుండెలయకు భంగము కలిగింపగలదు. సల్ఫా మందు పడనివారికి దద్దుర్లు లేచుట తఱచు. నోటిలోను కండ్లలోను పుండ్లుపడి చర్మము పొక్కులెత్తి ఊడుట అరుదు గాని అది ప్రాణాంతకము.

చీడికాడ మండలమునకు ఆనుకొని గిరిజనులుండు ఏజెన్సీ కొండలున్నవి. జి6పిడి అను ఎంజైము పుట్టుకతోనే లోపించినవారు దేశములోని గిరిజన సముదాయములలో కొన్నింట అధికముగా నున్నారని వైద్యులకు చిరకాలముగా తెలియును. మలేరియాకు ప్రిమాక్విన్ ఇచ్చునపుడు ఈ విషయమై జాగ్రత్తపడవలెనని వారెఱుగుదురు. నైట్రోఫ్యురాంటోయిన్ విషయమునను అదే జాగ్రత్త కావలెను, ఎఱ్ఱకణములు పగిలి పచ్చకామెర్లు రావచ్చును గనుక. నెలలు నిండిన గర్భిణికి ఈ మందు ఈయకుండుటకును, పుట్టబోవు శిశువు రక్తమును గూర్చిన ఇట్టి శంకయే కారణము.

మఱియొక బాధ కలదు. దానిని స్త్రీలు భర్తకును చెప్పరు, పురుషవైద్యునకును చెప్పరు. యాంటీబయాటిక్ చెడు క్రిములతోపాటు దేహమును కాపాడు మంచి క్రిములను కూడ చంపుటచేత, జననేంద్రియమువద్ద శిలీంధ్రము పెరిగి దురదయు తెల్లబట్టయు కలుగును. మూత్రమంట తగ్గినదని సంతోషించునంతలో ఈ దురద మొదలైనచో, పాతరోగమే తిరిగివచ్చినదని భ్రమించి అదే యాంటీబయాటిక్ మరల కొని మ్రింగి, శిలీంధ్రమును మఱింత పోషింతురు. ఈ విషయము చెప్పుటకు గ్రామములోని ఏ.ఎన్.ఎం., ఆశా కార్యకర్తలకంటె యోగ్యులు లేరు. అట్లే చలితో జ్వరము, నడుము ప్రక్కన నొప్పి, వాంతులు వచ్చినచో అది మందు దోషము కాదు, రోగము మూత్రపిండమునకు ఎక్కినదనుటకు గుర్తు. అప్పుడు బిళ్ళలు మానుట కాదు, ఆసుపత్రికి పరుగెత్తుట కర్తవ్యము.

ఇవన్నియు చెప్పినచో రోగి బెదరి అసలు మందే ముట్టడని కొందఱు వైద్యులు అందురు. వారి అనుభవమును నేను త్రోసివేయజాలను. అచ్చముగా చిట్టా చదివినట్లు ఏబది దుష్ఫలితములు వినిపించినచో ఎవరైనను బెదరుదురు. కాని ఏది వచ్చిపోవునది, ఏది చెప్పవలసినది, ఏది వచ్చిన వెంటనే ఆపవలసినది అని మూడుగా విడదీసి చెప్పినపుడు రోగికి భయము తగ్గునే గాని పెరుగదు. చెప్పకపోయినచో ఊరివారు చెప్పుదురు. ఆ మాటకు హద్దు లేదు.

చట్టము కూడ కొంత చేసినది. ఈ మందులు వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదు. 2014 మార్చి 1 నుండి అమలులోనికి వచ్చిన హెచ్1 షెడ్యూలు ప్రకారము కొన్ని యాంటీబయాటిక్కుల అమ్మకములో రోగి పేరును, వైద్యుని పేరును పుస్తకమున వ్రాసి మూడేండ్లు భద్రపఱచవలెను. స్ట్రిప్పుపై నిలువు ఎఱ్ఱగీత కనబడినచో చీటీ లేక కొనరాదని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లో ప్రచారము చేసెను. అయినను ఔషధములను వండి ప్రపంచమునకు పంపు తెలుగుదేశమున ఆ ఔషధములను గూర్చి తెలుగులో ఒక చీటీ లేదు. 2022 నుండి చీడికాడ చేరియున్న అనకాపల్లి జిల్లాలోనే పరవాడ ఫార్మా సిటీ కలదు. పటాన్‌చెరువు ఔషధ కర్మాగారముల వ్యర్థజలములో లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకు సిప్రోఫ్లాక్ససిన్ ఉన్నదని 2007లో స్వీడను పరిశోధకులు ప్రకటించిరి. ఆ మందు మన నేలకును నీటికిని ఇంత విస్తారముగా చేరినది, దానిని గూర్చిన జ్ఞానము మాత్రము మన కూలికి చేరలేదు. విడిబిళ్ళలు అమ్మునపుడు మందు పేరు, వేసికొను వేళ, ఆపవలసిన సూచనలు తెలుగున అచ్చువేసిన చిన్న కాగితమును జతపఱచవలెనని రాష్ట్రప్రభుత్వము మందుల దుకాణములను ఆదేశింపవలెను.

మాట రోగినుండి తిరిగి వైద్యులకు చేరుటయు నంతే అవసరము. ఫలానా బిళ్ళ నాకు పడలేదని మన స్త్రీలు నిత్యము చెప్పుకొనుచునే యుందురు. ఏ బిళ్ళయో, ఏమి జరిగినదో ఎవరును వ్రాసికొనరు గనుక మరుసటి యేడు అదే బిళ్ళ మరల వారి చేతికి వచ్చును. 2010లో మొదలై ఘజియాబాదులోని భారత ఫార్మకోపియా కమిషను నడుపుచున్న ఔషధ భద్రతా కార్యక్రమము ఇట్టి ఫిర్యాదులను రోగులనుండియే నేరుగా స్వీకరించును. 1800-180-3024 అను సంఖ్యకు రుసుము లేక ఫోను చేయవచ్చును. నింపవలసిన పత్రము తెలుగులోను కలదు. మందు పేరు, మొదలుపెట్టిన తేది, కలిగిన బాధ, ఆపిన తేది అనునవి వ్రాయుటకు వైద్యవిద్య అక్కఱలేదు. ఆశా కార్యకర్తలకు జరుగు సమావేశములలో ఒకదానియందు ఈ పత్రము నింపుట నేర్పించి, మూత్రమంటకు మందు తీసికొన్న ప్రతి స్త్రీని మూడవనాడు పలుకరింపుమని చెప్పుటకు ప్రత్యేక నిధులు కావలసిన పనిలేదు. మండల వైద్యాధికారి తలంచిన చాలును.