బావగారి పెట్టెకి జ్ఞాపకశక్తి

ఉప్పల్లో గాని, నాచారంలో గాని ఏ కాలనీకైనా వెళ్ళి ఒకసారి తలెత్తి చూడండి. డాబాల మీద స్తంభాల నెత్తిన ఇనప చువ్వలు ఆకాశంకేసి నిక్కి వుంటాయి. అవి ఇంటాయన ఆశలు. ‘ఇప్పటికి కింద రెండు గదులు చాలు, పిల్ల పెళ్ళయ్యాక, ప్రావిడెంటు ఫండు చేతికొచ్చాక పైన వాటా వేద్దాం’ అనుకుని వదిలిపెట్టినవి. చాలా ఇళ్ళకి ఆ వాటా పడుతుంది. కొన్నింటికి చువ్వలే మిగులుతాయి.

నాచారంలో మా బావగారికి అలాంటి చువ్వలు రెండు చోట్ల మిగిలాయి. ఒకటి డాబా మీద. రెండోది అటక మీద, ఒక అట్టపెట్టెలో. ఈ వారం ఆ రెండోదాని కథ చెబుతాను.

బావగారు పోయి రెండేళ్ళయింది. మొన్న సంక్రాంతికి అటక దులుపుతుంటే అక్కయ్య మనవరాలికి ఆ అట్టపెట్టె దొరికింది. ఇంజనీరింగు చదువుతున్న పిల్ల. విప్పి చూస్తే లోపల నల్లటి యంత్రం, దాని మీద బూడిదరంగు రబ్బరు మీటలు, ఒక మూల ఇంద్రధనుస్సు చారలు. పిల్ల దాన్ని చూసి లెక్కల యంత్రం అనుకుంది. కాదు. సింక్లెయిర్ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్. 1982 ఏప్రిల్లో ఇంగ్లండులో విడుదలైన ఇంటి కంప్యూటరు. ఇందులో రెండు రకాలు వచ్చాయి. 16 కె జ్ఞాపకశక్తి వున్నది 125 పౌండ్లు, 48 కె వున్నది 175 పౌండ్లు. 1983లో లండన్ నుంచి వస్తున్న పినతల్లి కొడుకు చేత బావగారు తెప్పించుకున్నది చిన్న రకం. మధ్యలో ఆ యాభై పౌండ్లే, కాని ఆ రోజుల్లో యాభై పౌండ్లంటే నాచారంలో వర్క్‌షాపు ఉద్యోగికి మాటలా?

కె అంటే 1,024 బైట్లు. 16 కె అంటే 16,384. అందులో తెర మీది బొమ్మకే 6,912 పోతాయి. తక్కిన సుమారు తొమ్మిది వేలతోనే సంసారం లాగాలి. నేటి కంప్యూటర్లలో తెలుగు రాస్తే అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ తలా మూడు బైట్లు ఖర్చు. ఆ లెక్కన మీరు చదువుతున్న ఈ వ్యాసం ఆ తొమ్మిది వేలలో మూడో వంతు పట్టడం కూడా కష్టమే.

పెట్టెలో యంత్రంతోబాటు నాలుగు క్యాసెట్లు, ఒక గళ్ళ నోటుబుక్కు వున్నాయి. ఒక క్యాసెట్ మీద బావగారి గుండ్రటి అక్షరాలతో ‘ఇల్లు – 48’ అని వుంది. నోటుబుక్కు చివరి పేజీలో ఒక చీటీ: ‘కావలసినవి. 4532 – ఎనిమిది. 74ఎల్‌ఎస్157 – రెండు. 74ఎల్‌ఎస్32 – ఒకటి. 74ఎల్‌ఎస్00 – ఒకటి.’ కింద ‘దసరా తర్వాత’ అని రాసి కొట్టేసి, ‘సంక్రాంతి తర్వాత’ అని రాసి అదీ కొట్టేసి వుంది.

అక్కయ్య చీటీ చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: “ఆదివారం టిఫిను కాగానే క్యాసెట్ జేబులో వేసుకుని సైకిలెక్కేవారురా. ఉప్పల్లో ఎవరో స్నేహితుడింటికి. ఏం పనండీ అక్కడ అంటే, ఇల్లు కడుతున్నాననేవారు. నాకు చెప్పకుండా స్థలం కొన్నారేమోనని నెలరోజులు అన్నం సయించలేదు నాకు.”

విషయమేమిటంటే ఉప్పల్ స్నేహితుడి దగ్గర వున్నది 48 కె పెట్టె. బావగారి పెట్టెలో పట్టని ప్రోగ్రామును ఆదివారాలు అక్కడ కూర్చుని రాసుకునేవారన్నమాట. ఆ స్నేహితుడూ లేడు, ఆ పెట్టే లేదు. క్యాసెట్ మాత్రం వుంది.

క్యాసెట్ ఎక్కించి చూశాం. తెర అంచున ఎర్ర చారలు, నీలం చారలు, పసుపు చారలు పరిగెత్తాయి. ఆ తర్వాత అడుగున ఇంగ్లీషులో ఒక ముక్క: ‘ర్యామ్‌టాప్ నో గుడ్’. ప్రోగ్రాము అడిగిన జాగా పెట్టెలో లేదు పొమ్మని దాని అర్థం.

“మీ బావలాగే ఇంగ్లీషులో విసుక్కుంటోందే!” అంది అక్కయ్య.

ఏమాట కామాటే చెప్పుకోవాలి. మనవరాలు అప్పుడే ఒక దారి చెప్పింది. క్యాసెట్ శబ్దాన్ని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, స్పెక్ట్రమ్‌ని అనుకరించే ప్రోగ్రాము పెడితే పదినిమిషాల్లో చూడొచ్చునట. శబ్దం ఎక్కించడం వరకు వెంటనే చేయించాను. పాత టేపుల్ని నమ్ముకోకూడదు, మీ ఇళ్ళలో వున్నా ముందు ఆ పని చెయ్యండి. తక్కినదానికి అక్కయ్య ఒప్పుకోలేదు. “ఆయన పెట్టెలోనే చూస్తాను. చీటీ రాసిపెట్టుకున్నారు కదా, ఆ సామాను తెండి” అంది. అంతే.

సామాను కోసం బయల్దేరే ముందు ఒక మాట. ఈ చుట్టుపక్కల వాళ్ళకి కంప్యూటరు జ్ఞాపకశక్తి కొత్త వస్తువేమీ కాదు. నాచారం నుంచి మల్లాపూర్ మీదుగా వెళితే వచ్చే ఈసీఐఎల్ 1967లో పుట్టింది. తొలి అధిపతి అయ్యగారి సాంబశివరావుగారు, ఎ.ఎస్.రావు నగర్ ఆయన పేరిటే వెలిసింది. ఆ సంస్థ పేరు చెప్పుకున్న తొలి కంప్యూటరు, 1969 నాటి టీడీసీ-12లో వున్నది ‘కోర్’ జ్ఞాపకశక్తి. అంటే ఫెర్రైటుతో చేసిన బహు చిన్న ఉంగరాల్ని సన్నటి తీగల మీద జల్లెడలా గుచ్చుతారు. ఒక ఉంగరం ఒక అవును, లేదా ఒక కాదు. బైటుకి ఎనిమిది ఉంగరాలు. ఆ పద్ధతిలో మా బావగారి చీటీలో కోరిన అదనపు 32 కె కట్టాలంటే 2,62,144 ఉంగరాలు గుచ్చాలి. పూసలు గుచ్చే ఓపిక వున్న ఆడవాళ్ళు కూడా ఈ లెక్క విని దణ్ణం పెడతారు.

ఉంగరాలు పోయి చిప్పులొచ్చాక పని తేలికైంది గాని, ఆ చిప్పుల్లోనూ ఒక తమాషా వుంది. చీటీలో బావగారు రాసిన 4532 నిజానికి సగం చెడ్డ చిప్పు! తయారయ్యేటప్పుడు 65,536 గళ్ళతో తయారవుతుంది. పరీక్షలో ఒక సగంలో లోపం బయటపడితే కంపెనీవాళ్ళు పారెయ్యకుండా మంచి సగాన్ని లెక్కలోకి తీసుకుని, సగం చిప్పుగా చవకగా అమ్మేవాళ్ళు. సింక్లెయిర్ కంపెనీ వాటినే కొని 32 కె అమర్చింది. నష్టమేమీ లేదు, ఒక్క షరతు: ఎనిమిదింటికీ చెడ్డ సగం ఒకవేపే వుండాలి. ఎగువ సగం మంచివాటికీ దిగువ సగం మంచివాటికీ పొత్తు కుదరదు. ఏ సగం వాడుకోవాలో చెప్పడానికి బోర్డు మీద చిన్న తీగముక్క అతికించే చోటుంది. పుచ్చు వంకాయ కోసి మంచి ముక్క పులుసులో వేసే ఇల్లాలి తెలివే ఇది.

ఈ 4532లు ఇప్పుడు తయారు కావు. కాని రెండు సగాలూ బాగున్న 4164 చిప్పు సరిపోతుంది. అయితే అదెక్కడుంది? కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళాం. 74 వరస చిప్పులు నాలుగూ మొదటి రెండు దుకాణాల్లోనే దొరికాయి. అవి ఇవాళ్టికీ మామూలు సరుకే. 4164 అనేసరికి ఒక పెద్దాయన కళ్ళద్దాలు పైకి తోసి, “ఇరవై ఏళ్ళు ఆలస్యంగా వచ్చారు సార్” అన్నాడు. మరో దుకాణంలో వున్నాయని తళతళలాడే ఎనిమిది తీసి చూపించారు. నలభై ఏళ్ళ సరుక్కి అంత మెరుపెక్కడిదని మనవరాలు చిప్పు వీపు గోరుతో గీకితే అంకె కాస్తా చెదిరి, కింద ఇంకో అంకె కనపడింది. దణ్ణం పెట్టి బయటపడ్డాం. పాత చిప్పులు కొనేవాళ్ళు ఈ గోటి పరీక్ష మరచిపోవద్దు.

చివరికి వెతికిన తీగ ఇంటి దగ్గరే కాలికి తగిలింది. నాచారం పారిశ్రామికవాడలో ఒక తుక్కు దుకాణంలో, ఏ ఆఫీసు నుంచి వచ్చిందో, పాత ఐబిఎం ఎక్స్‌టి తరహా బోర్డు కనిపించింది. ఆ కాలపు బోర్డుల్లో 4164లు తొమ్మిదేసి చొప్పున బారులు తీరి వుంటాయి. ఎనిమిది పనికి, తొమ్మిదోది తప్పు పట్టడానికి. అదృష్టవశాత్తు ఇవి సాకెట్లలోనే వున్నాయి, కరిగించి ఊడదీసే బాధ లేదు. దుకాణదారు బోర్డును త్రాసులో వేసి కిలో లెక్కన ధర కట్టాడు. జ్ఞాపకశక్తిని తూకానికి కొన్నది నేనొక్కణ్ణేనేమో!

ఈ రకం చిప్పులు చిల్లుకుండల్లాంటివని మనవరాలు చెప్పింది. దాచుకున్నది కారిపోతూ వుంటుంది. సెకనులో ఐదువందలో వంతుకొకసారి యంత్రం వరసలన్నీ తిరిగి నింపుకుంటూ రావాలి. ఈ పెట్టెలోని జెడ్80 తనంతట తాను నింపగలిగేది 128 వరసలు. 256 వరసలు కోరే 4164లు కూడా వున్నాయి, అవి ఇక్కడ నప్పకపోవచ్చు. మావి 128 రకమేనని అంకెలు వెతికి చూసుకున్నాకే ముందుకు వెళ్ళాం.

ఇక బిగించడం. అడుగు మరలు విప్పి పై మూత ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టాలి. మీటల నుంచి బోర్డుకి వెళ్ళే పల్చటి పట్టీలు రెండుంటాయి. ఇన్నేళ్ళకి అవి అప్పడాల్లా పెళుసెక్కి వుంటాయి, లాగితే విరుగుతాయి. మెల్లగా, నిటారుగా తియ్యాలి. కరెంటిచ్చే పెట్టె విషయం ఇంకా ముఖ్యం. దీనిది తొమ్మిది వోల్టులు, నడిమి పిన్ను మైనసు. బజార్లో దొరికే అడాప్టర్లలో చాలావాటికి నడిమి పిన్ను ప్లస్. తిరగేసి పెడితే అసలుకే మోసం. కొత్త చిప్పులు పెట్టకముందే మీటరుతో వోల్టులు చూసుకోవాలి. పాత 16 కె చిప్పులు ప్లస్ ఐదు, మైనస్ ఐదు, ప్లస్ పన్నెండు మూడూ అడుగుతాయి. కొత్తవాటికి ఐదు చాలు.

మూత తీయగానే కనిపించింది నేను చెప్పిన చువ్వల సంగతి. బోర్డు మీద పన్నెండు ఖాళీ సాకెట్లు. పదిహేను నుంచి ఇరవైరెండు దాకా అంకెలు వేసినవి జ్ఞాపకశక్తికి, ఇరవైమూడు నుంచి ఇరవైఆరు దాకా తక్కిన నాలుగింటికి. ఇన్నేళ్ళూ నోళ్ళు తెరుచుకుని కూర్చున్నాయి. మనవరాలు తీగముక్క అతికించింది. పూర్తి చిప్పులు కనక ఏ వేపు అతికించినా ఫరవాలేదు, అతికించకుండా మాత్రం వదలకూడదు. తర్వాత కుళాయి గొట్టం ముట్టుకుని ఒంట్లో విద్యుత్తు వదిలించుకుని, చిప్పు కొసన గంటు ఎటుందో చూసుకుంటూ ఒక్కొక్కటే నొక్కింది.

పెట్టె వెలిగించి, జాగా ఎంతవరకు వుందో చెప్పమని అడిగాం. (ఆసక్తి వున్నవాళ్ళకి: ప్రింట్ పీక్ 23732 + 256 * పీక్ 23733.) జవాబు: 32767. అంటే పాత 16 కె పెట్టే! అరపూట చాకిరీ గంగపాలు. నేను అప్పుడే పుట్టిన పంచాంగజ్ఞానంతో, ఇవాళ అమావాస్య అని గుర్తుచేశాను. మనవరాలు నన్ను లెక్కచెయ్యకుండా భూతద్దం తీసుకుని చిప్పులన్నీ పక్క నుంచి చూసింది. పంతొమ్మిదో సాకెట్లో చిప్పుకి ఒక కాలు సాకెట్లో దిగకుండా పొట్టకిందికి మడతపడి వుంది. తీసి, పట్టకారుతో సాగదీసి, మళ్ళీ నొక్కింది.

65535.

అంతకుమించి అంకె ఈ పెట్టెకి రాదు. పదహారు తీగలతో జెడ్80 చేరగలిగే పొలిమేర అదే. అక్కయ్యకి అంకె అర్థం కాలేదు గాని మా మొహాలు అర్థమయ్యాయి. వచ్చి కుర్చీ వేసుకుని కూర్చుంది.

క్యాసెట్ మళ్ళీ తిప్పాం. నాలుగు నిమిషాలు కీచుమని అరిచింది. తర్వాత తెర శుభ్రపడి, పెద్ద అక్షరాలతో తెలుగులో ‘ఇల్లు’ అని వచ్చింది.

ఈ యంత్రం సొంత అక్షరాలు దిద్దుకోవడానికి మామూలుగా ఇచ్చేది ఇరవై ఒక్క గళ్ళే. మన అక్షరాలూ, గుణింతాలూ, ఒత్తులూ వాటిలో ఎక్కడ సరిపోతాయి? అంచేత బావగారు ఉప్పల్ పెట్టెలోని పై జాగాలో తన సొంత అక్షరాల పలక పరుచుకున్నారు. నోటుబుక్కు నిండా గళ్ళు నింపిన అ, ఆ, ఇ, ఈలు. “అవి అల్లిక డిజైన్లనుకుని రెండు కాగితాలు చింపి దిండు గలీబులు కుట్టానురా” అంది అక్కయ్య.

అక్షరాల తర్వాత వచ్చింది ఇంటి పద్దు. పాలు, బియ్యం, చాకలి, ఫీజులు, కిరసనాయిలు. నెలనెలా. అన్నిటికంటె కింద ‘పై వాటాకి’ అని ఒక వరస. నెలనెలా కాస్త కాస్త పెరుగుతూ వచ్చి, 1986లో ఒక నెల ఒక్కసారిగా సున్న.

“మా అత్తగారి కంటి ఆపరేషను” అంది అక్కయ్య. అంకెలు చూస్తూనే వుంది. కొంతసేపటికి కళ్ళద్దాలు తుడుచుకుని తెరకి దగ్గరగా జరిగింది.

“ఈ చాకలి పద్దు తప్పు. ఆ నెల దుప్పట్లు వేశాం, అవి కట్టలేదు ఈయన. దీన్ని దిద్దడానికి వీలుంటుందా?”

“వుంటుంది అమ్మమ్మా.”

“అయితే దిద్దు.”