వెనుక గదికీ వైఫై అందాలంటే...

ఇంట్లో వైఫై రౌటర్ ఎక్కడ ఉండాలన్నది చాలాసార్లు కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన వ్యక్తే నిర్ణయిస్తాడు. బయటి తీగ ఏ గోడ దాటి లోపలికి వస్తే అక్కడే, సాధారణంగా వీధి వైపు గదిలో, దానిని బిగించి వెళ్తాడు. ముందు గదిలో కూర్చున్నవారికి సిగ్నల్ పుష్కలంగా అందుతుంది. వెనుక గదిలో పరీక్షకు చదువుకునే అమ్మాయికి మాత్రం పాఠం మధ్యలో ఆగిపోతుంది. గల్ఫ్ నుంచి కొడుకు వీడియో కాల్ చేస్తే, వంటగదిలో ఉన్న తల్లికి ముఖం కనిపిస్తుంది గాని మాట వినిపించదు. నెలనెలా కట్టే రుసుము ఇంటిల్లిపాది కోసం. ప్రయోజనం మాత్రం ఒక్క గదికి! కొత్త పరికరం కొనే ముందు రౌటర్ చోటును పరిశీలించడం మేలు.

వైఫై రేడియో తరంగాలపై నడుస్తుంది. నేటి రౌటర్లలో చాలావరకు 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండ్లు ఉంటాయి. 5 గిగాహెర్ట్జ్ వేగవంతమైనదే, కాని గోడలు దాటేసరికి త్వరగా బలహీనపడుతుంది. 2.4 నెమ్మదిగా నడిచినా దూరపు గదులకు మెరుగ్గా చేరుతుంది. కాబట్టి వెనుక గదిలోని ఫోనును 2.4కు కలిపి చూడాలి.

అడ్డంకులన్నీ ఒకటి కావు. చెక్క తలుపు సిగ్నల్‌ను కొద్దిగానే తగ్గిస్తుంది. ఇటుక గోడ అంతకన్నా ఎక్కువగా, ఇనుప చువ్వలున్న కాంక్రీటు స్లాబు మరింతగా తగ్గిస్తాయి. ఇనుప బీరువా, ఫ్రిజ్, వెనుక లోహపు పూత ఉన్న నిలువుటద్దం తరంగాలను వెనక్కి నెట్టివేస్తాయి. చేపల తొట్టిలోని నీరు వాటిని పీల్చుకుంటుంది. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేస్తున్నంతసేపు 2.4 బ్యాండ్‌కు అంతరాయం కలగవచ్చు. తరంగం గోడను ఏ కోణంలో దాటుతుందన్నదీ ముఖ్యమే. 9 అంగుళాల గోడను 45 డిగ్రీల ఏటవాలుగా దాటితే, అది దాదాపు 13 అంగుళాల గోడతో సమానం.

అందువల్ల రౌటర్‌ను వీలైనంతవరకు ఇంటి మధ్యభాగంలో, తల ఎత్తుకు పైన, ఆచ్ఛాదన లేని చోట ఉంచాలి. టీవీ అల్మారాలో దాచకూడదు. బయటికి కనిపించే యాంటెన్నాలను నిటారుగా నిలిపితే, అదే అంతస్తులోని గదులకు సిగ్నల్ బాగా పరచుకుంటుంది.

ఫైబర్ తీగ సున్నితమైనది. దానిని స్వయంగా లాగడం, మడవడం తగదు. ఆ పెట్టెను ఉన్నచోటే ఉంచి, దాని నుంచి ల్యాన్ కేబుల్‌ను ఇంటి మధ్యకు తెచ్చి అక్కడ మరో రౌటర్ పెట్టుకోవచ్చు. ఈ కేబుల్ 100 మీటర్ల వరకు పనిచేస్తుంది. పై అంతస్తుకు ఇదే నమ్మదగిన మార్గం. కేబుల్ వీలుకాకపోతే రిపీటర్ వాడవచ్చు. అయితే దానిని సిగ్నల్ లేని గదిలో పెడితే ఫలితం ఉండదు. తనకు అందినదాన్నే అది ముందుకు పంపుతుంది. సిగ్నల్ ఇంకా బాగున్న నడిమి చోటే దానికి తగినది.

చోటు మార్చిన ప్రతిసారీ, అదే ఫోనుతో గదిగదికీ వెళ్లి వేగం చూసి కాగితంపై రాసుకోండి. రౌటర్ పక్కన నిలబడి చూసిన అంకెతో తృప్తిపడవద్దు. ఇంట్లో అందరికన్నా దూరాన కూర్చునేవారి పని సాగినప్పుడే రౌటర్ సరైన చోట ఉన్నట్లు.