విడిచినదే విత్తనము

పంట యింటికి వచ్చిన దినమున తెలివిగల రైతు చేయు మొదటి పని విత్తనపు గింజలను వేరుపరచుట. మేలైన వెన్నులను ఏరి, గింజలను ఎండబెట్టి, వేపాకు కలిపి, కుండలలో భద్రపరచును. ఇంట ఎంతటి యిబ్బంది కలిగినను ఆ గింజలను దంపించి వండుకొనడు. వానిని తిన్న యేడు కడుపు నిండును. మరుసటి యేడు పొలము బీడగును. ఈ సత్యము సేద్యమునకే గాక అడవిలోని మృగములకును, కడలిలోని మత్స్యములకును వర్తించును. అయితే ఒక భేదము కలదు. ధాన్యపు గింజను చేతితో తీసి వేరుగా ఉంచవచ్చును. అడవిలో తిరుగాడు జింకల మందలో ఏది పంటయో, ఏది విత్తనమో నిర్ణయించుట అంత సులభము కాదు. ఆ నిర్ణయము తప్పినచో ఏమి జరుగునో ఉత్తర అమెరికా అడవులు గడచిన నూరేండ్లలో పలుమారులు చూపినవి.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో విరివిగా కానవచ్చు జింకకు తెల్లతోక జింక యని పేరు. బెదరినప్పుడు తోక పైకెత్తి, దాని అడుగుననున్న తెల్లని భాగమును చూపుచు పరుగెత్తుటచే ఆ పేరు కలిగినది. మాంసము కొఱకును, తోళ్ల వ్యాపారము కొఱకును జనులు ఏడాది పొడవునా లెక్క లేక దానిని వేటాడిరి. తత్ఫలితముగా 1900 ప్రాంతమున దేశమంతటను ఐదు లక్షలకు మించి ఆ జింకలు మిగులలేదని అంచనా. అప్పుడు ప్రజలు మేలుకొనిరి. ఒక రాష్ట్రములో చట్టవిరుద్ధముగా చంపిన మృగములను మరియొక రాష్ట్రమునకు తరలించి అమ్మరాదని 1900 లో లేసీ చట్టము వచ్చినది. తుపాకులపైనను, తూటాలపైనను వసూలైన పన్నును వన్యమృగ సంరక్షణమునకు వినియోగింప వలెనని 1937 లో మరియొక చట్టము ఏర్పడినది. రాష్ట్రములు వేటకు కొన్ని దినములను మాత్రమే నిర్ణయించినవి. అనుమతి పత్రము లేనివాడు వేటాడరాదనినవి. పెక్కుచోట్ల ఆడు జింకను చంపుటను నిషేధించినవి. నేడు ఆ జింకల సంఖ్య మూడు కోట్లకు చేరినదని అంచనా. సంరక్షణము ఫలించినది. కాని ఆ ఫలమే క్రొత్త చిక్కును తెచ్చినది.

ఆ చిక్కును గ్రహించుటకు జింక జీవనక్రమమును తెలియవలెను. తెల్లతోక జింకలు నవంబరు ప్రాంతమున జతకట్టును. గర్భకాలము ఆరున్నర నెలలు. మే నెల చివరను, జూన్ నెలలోను పిల్లలు పుట్టును. మంచి మేత దొరకిన ఆడు జింక తఱచుగా కవలలను ఈనును. వేటకాలమును శరత్కాలపు చివర, ప్రసవమునకు కొన్ని నెలల ముందు వచ్చును. కావున ఆ దినములలో ఒక ఆడు జింక నేలకూలినచో మంద కోల్పోవునది ఒక్క జింకను మాత్రమే కాదు. వేసవిలో పుట్టవలసిన రెండు పిల్లలను గూడ కోల్పోవును. మగ జింక సంగతి వేరు. ఒక మగ జింక పెక్కు ఆడు జింకలతో జతకూడును. అందుచే కొన్ని మగ జింకలు పోయినను పుట్టవలసిన పిల్లల సంఖ్య అంతగా తగ్గదు.

ఒక చిన్న లెక్కతో ఈ విషయము తేటపడును. ఒక అడవిలో 100 జింకలు కలవనుకొనుడు. అందు 60 ఆడువి, 40 మగవి. వేట ముగిసిన పిదప మిగిలినవానిలో పదింట ఒకటి చలికాలమున చచ్చుననియు, బ్రదికిన ప్రతి ఆడు జింకయు సగటున ఒక పిల్లను మరుసటి శరత్కాలము వఱకు పెంచగలదనియు భావింపుడు. అసలు వేటయే లేనిచో మరుసటి యేటికి 54 ఆడు జింకలు, 36 మగ జింకలు, 54 పిల్లలు, వెరసి 144 అగును. 30 మగ జింకలను వేటాడినచో 60 ఆడువి, 10 మగవి మిగులును. చలికాలము గడచునప్పటికి అవి 54, 9 అగును, పిల్లలు 54, వెరసి 117. అట్లుగాక 20 ఆడు జింకలను మాత్రమే వేటాడినచో మిగిలిన 40 ఆడువి, 40 మగవి చలికాలము తరువాత చెరి 36 అగును, పిల్లలు 36, వెరసి 108. మొదటి వేటలో 30 జింకలు చచ్చినను మంద మిక్కిలి పెరిగినది. రెండవ వేటలో 20 మాత్రమే చచ్చినను పెరుగుదల తగ్గినది. నిజమైన అడవిలో లెక్క ఇంత చక్కగా సాగదు. అయినను దారి ఇదియే. ఎన్ని చచ్చినవను ప్రశ్న కంటె ఏవి మిగిలినవను ప్రశ్నయే ముఖ్యము.

దీనిని విని, ఆడు జింకలను ఎన్నడును చంపకుండుటయే మేలని కొందఱు తలపవచ్చును. మంద చిన్నదిగా నున్నప్పుడు ఆ మాట నిజము. విత్తనమే తక్కువైనవాడు గింజనైనను పోగొట్టుకొనరాదు. కాని అడవి పెట్టగల మేతకు హద్దు కలదు. ఆ హద్దు దాటిన పిదప ఒక్కొక్క జింకకు దొరకు మేత తగ్గును. బక్కచిక్కిన తల్లి బలహీనమైన పిల్లలను ఈనును. ఒక్కొక్కప్పుడు చూలే నిలువదు. చిగుళ్లను, మొలకలను జింకలు తినివేయుటచే అడవి మరల పెరుగదు. అప్పుడు నష్టము ఆ యేటితో తీరదు.

ఇందుకు బేరింగు సముద్రములోని సెయింట్ మాథ్యూ దీవి నిదర్శనము. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున, 1944 లో, అమెరికా తీరరక్షక దళమువారు ఆ దీవికి 29 రెయిన్‌డీర్ జింకలను తెచ్చి విడిచిరి. అచ్చట తోడేళ్లు లేవు. మనుష్యుల నివాసము లేదు. నేలనిండ శిలావల్కము అను మేత దట్టముగా పెరిగి యుండెను. 1957 నాటికి ఆ జింకలు 1,350 అయినవి. 1963 నాటికి 6,000 అయినవి. మేత హరించిపోయినది. దానిపై కఠినమైన చలికాలము వచ్చి పడినది. 1966 లో శాస్త్రజ్ఞులు లెక్కించినప్పుడు మిగిలినవి 42 మాత్రమే. అందు 41 ఆడువి. మగది ఒక్కటియే, అదియును సంతానయోగ్యము కాదు. తరువాత ఆ మంద పూర్తిగా నశించినది. వేటగాడు ముట్టని మందకు చేటు రాదని భావించువారు ఈ దీవి కథను మరువరాదు.

హద్దు దాటిన మందను తగ్గింపవలెనని చెప్పుట సులభము. ప్రజలచే ఒప్పించుట కష్టము. ఆల్డో లియోపోల్డ్ అను శాస్త్రజ్ఞుని అనుభవము ఇందుకు తార్కాణము. ఆయన యౌవనమున అటవీశాఖలో పనిచేయుచు, తోడేళ్లు తగ్గినచో జింకలు పెరుగుననియు, అది అందఱకును మేలనియు నమ్మెను. అడవులను చూచినకొలది ఆ నమ్మకము సడలినది. పిమ్మట ఆయన విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున వన్యమృగ పాలన శాస్త్రమునకు ఆచార్యుడై, 1943 లో ఆ రాష్ట్ర సంరక్షణ సంఘమున సభ్యుడయ్యెను. ఆనాడు విస్కాన్సిన్ ఉత్తర భాగమున జింకల నోటికందునంత ఎత్తు వఱకు చెట్లకు ఆకు కానరాదు. చలికాలమున కూనలు ఆకలితో చచ్చుచుండెను. ఆడు జింకలను సైతము వేటాడనిచ్చి మందను తగ్గింపవలెనని లియోపోల్డ్ వాదించెను. 1943 లో సంఘము అట్లే అనుమతించినది. ఆ యేట సుమారు 1,28,000 జింకలు వేటలో పడినవి. ప్రజలు మండిపడిరి. ఆ వేటను 1943 నాటి నేరమని నిందించిరి. మరుసటి యేట మరల మగ జింకలనే వేటాడవలెనను నియమము వచ్చినది. లియోపోల్డ్ 1948 లో, పొరుగువారి పొలమున గడ్డి మంటలను ఆర్పబోయి, గుండె ఆగి మరణించెను. మరుసటి యేడు మొదలు 1951 వఱకు కొమ్ములు లేని జింకలను వేటాడుటకు ఆ రాష్ట్రము మరల అనుమతించినది.

ఆనాటి ప్రజలను మూర్ఖులని తూలనాడుట తగదు. ఆడు జింకను చంపుట పాపమని చిరకాలము వారికి బోధించినది ప్రభుత్వమే. ఆ బోధనచేతనే మంద నిలిచినది. అదే ప్రభుత్వము ఒక్క యేట మాట మార్చినప్పుడు వారికి కోపము వచ్చుట సహజము. దోషము నియమములో లేదు. కాలము మారినను నియమము మారదని నమ్ముటలో కలదు. లెక్కను దాచి చేసిన నిర్ణయము సరియైనదైనను ప్రజలకు అన్యాయముగా తోచును. కావున మందను కాచువారు అడవిని చదువుటతో పాటు, తాము చదివినదానిని ఎల్లరకు తెలియునట్లు చెప్పుటయు నేర్వవలెను.

అడవిని చదువుటయు తేలిక పని కాదు. ఈ యేట ఎక్కువ జింకలు పడినవి గనుక వచ్చే యేట తక్కువ యుండుననియు, తక్కువ పడినవి గనుక మంద తరిగిపోయినదనియు తొందరపడి అనరాదు. వేట దినములలో నేలపై పలుచగా మంచు పడినచో జింకల అడుగుజాడలు తెలియును. వేటగానికి పని సులువగును. పెనుగాలి వీచినను, వాన కురిసినను, మొక్కజొన్న చేలు కోయక నిలిచి యున్నను జింకలు కంటబడవు. అప్పుడు వేట తగ్గును గాని మంద తగ్గదు. అందుచే అచ్చటి అధికారులు చచ్చిన జింకల సంఖ్యతో తృప్తిపడరు. వాని దవడపండ్ల అరుగుదలను బట్టి వయస్సును గుర్తింతురు. ఆడువెన్ని, మగవెన్ని, పిల్లలెన్ని యని విడదీయుదురు. చలికాలమును గూడ కొలుతురు. విస్కాన్సిన్‌లో డిసెంబరు 1 మొదలు ఏప్రిల్ 30 వఱకు, నేలపై మంచు 18 అంగుళములు గాని అంతకు మించి గాని యున్న ప్రతి దినమునకు ఒక అంకె; ఉష్ణోగ్రత సున్నకు దిగువ సుమారు 18 డిగ్రీల సెంటిగ్రేడునకు గాని, అంతకు క్రిందికి గాని పడిపోయిన ప్రతి దినమునకు మరియొక అంకె. అంకెల మొత్తము పెరిగినచో మంద చిక్కినదని తెలిసికొని, రాబోవు వేటలో ఎన్ని ఆడు జింకలకు అనుమతి నీయవలెనో నిర్ణయింతురు.

ఇంత శ్రమ ఎందుకు, ప్రకృతికే విడువరాదా యని దయాళువు లడుగుదురు. అది మంచి ప్రశ్నయే. కాని ఆ దేశమున పెక్కు రాష్ట్రములలో తోడేళ్లను, కొండసింహములను మనుష్యుడే నిర్మూలించెను. తక్కెడలో ఒక ప్రక్క రాతిని తీసివేసినవాడు, ముల్లు తనంతట తానే సరిపడునని చేతులు కట్టుకొని కూర్చుండరాదు. తుపాకి పట్టినవాడు ఈ యేటి మాంసమును చూచును. దయగలవాడు ఈ యేటి ప్రాణమును చూచును. ఇరువురును రాబోవు యేటిని చూడనిచో మందకు మేలు కలుగదు.

ఈ విషయమును చదివి మన అడవులలో వేట మేలని ఎవ్వరును పొరబడరాదు. మన దేశమున వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972 లో వచ్చినది. జింకల వేట నేరము. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమృగమైన కృష్ణజింకయు, తెలంగాణ రాష్ట్రమృగమైన చుక్కల దుప్పియు ఆ చట్టపు నీడలో నున్నవి. నల్లమల వంటి అడవులలో పెద్దపులి, చిఱుతపులి, రేచుకుక్క నేటికిని ఉన్నవి. దుప్పుల మందను అదుపులో నుంచు పని వానిది. మందలు పలుచబడిన చోట రక్షణమే సరియైన లెక్క. లెక్క ఒక్కటే; దాని ఫలము చోటును బట్టి మారును.

ఈ లెక్క మన కన్నులయెదుట సాగుచున్న చోటు తూర్పు సముద్రతీరము. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు మరపడవలు వేటకు పోరాదను నియమము కలదు. అది పెక్కు జాతుల చేపలు గ్రుడ్లు పెట్టు కాలము. ఒక్క తల్లిచేప వలలో పడినచో దాని కడుపులోని వేలకొలది గ్రుడ్లు ఒడ్డున ఎండిపోవును. జింకకు రెండు పిల్లలు, చేపకు వేలు. నష్టపు కొలత మారినది గాని న్యాయము మారలేదు. అయితే ఆ రెండు నెలలు పడవను ఒడ్డునకు లాగి కూర్చుండు మత్స్యకారుని యింట పొయ్యి వెలుగవలెను గదా! రాబోవు యేటి చేపలు అందఱివి. వాని కొఱకు నేటి కూలిని ఒక్క మత్స్యకారుడే కోల్పోవుట న్యాయము కాదు. అందుచే నిషేధపు దినములలో భృతి నిచ్చుట దానము కాదు, అప్పు తీర్చుట. ఆ భృతి సకాలమున అందినప్పుడే నియమమునకు గౌరవము నిలుచును.

రేపటి కొఱకు నేడు చేయి వెనుకకు తీసికొనుట ఒక్కొక్కప్పుడు ధర్మము. మందను బ్రదికించుటకై చేయి ముందునకు చాపుట ఒక్కొక్కప్పుడు ధర్మము. ఏది ఎప్పుడు ధర్మమో కోరిక చెప్పజాలదు, కన్నీరు చెప్పజాలదు. ఓర్పుతో ఏటేట చేసిన లెక్క మాత్రమే చెప్పగలదు. ఆ లెక్కను నేర్చి, దానిని తోడివారికి మెత్తని మాటలతో వివరింపగల పౌరులు ఉన్న దేశములో అడవియు, సముద్రమును ఎన్నడును బీడుపడవు.