చెరువుకో శాస్త్రం, కడుపుకో తాయెత్తు

ఆకివీడు, కైకలూరు, భీమవరం రోడ్ల మీద ఆక్వా ల్యాబులకు కొదవ లేదు. పొద్దుటే రొయ్యల రైతులు సీసాల్లో చెరువు నీళ్ళు పట్టుకొస్తారు. ల్యాబు కుర్రాడు అందులోంచి చుక్క తీసి, ఆకుపచ్చటి అగర్ పోసిన పళ్ళెంలో పరుస్తాడు. మర్నాటికి అందులో చుక్కలు చుక్కలుగా బ్యాక్టీరియా లేస్తుంది. కొన్ని పసుపు రంగువి, కొన్ని ఆకుపచ్చవి. "గ్రీన్ ఎన్ని వచ్చాయి?" అన్నదే రైతు అడిగే మొదటి మాట. ఆకుపచ్చవి పెరిగితే విబ్రియో ముదురుతోందని, రొయ్య పేగుకు ముప్పని అతనికి తెలుసు. తవుడు, బెల్లం, ఈస్టు డ్రమ్ములో పులియబెట్టి చెరువంతా చల్లిస్తాడు. చెక్ ట్రే పైకి లాగి, ఓ రొయ్యను అరచేతిలో పెట్టుకుని, వీపు వెంట సాగే పేగు గీత నిండుగా ఉందా, మధ్యలో తెగిందా అని వెలుతురుకు పట్టి చూస్తాడు. గీత తెల్లబడితే ఆ రాత్రి నిద్ర ఉండదు.

పేగులోని సూక్ష్మజీవుల మీదే ప్రాణి ఆరోగ్యం ఆధారపడుతుందన్న సంగతి కొల్లేటి చుట్టుపక్కల ఎవరికీ కొత్తగా నేర్పనక్కర్లేదు. కానీ అవే ఇళ్ళల్లో ఏడాది పిల్లకు విరేచనాలు పట్టుకుంటే దిష్టి తగిలిందంటారు. ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేస్తారు. మొలతాడుకు తాయెత్తు కడతారు. కొన్నిచోట్ల బొడ్డు చుట్టూ వాతలు పెడతారు. "పాలు మాన్పించవే అమ్మాయ్, కడుపు మాడితే అదే కట్టుకుంటుంది" అని పెద్దామె చెబుతుంది. ఒంట్లో నీరంతా పోయి బిడ్డ కళ్ళు లోపలికి పోతున్నప్పుడు పాలూ నీళ్ళూ ఆపించే ఈ సలహా ప్రాణాంతకం. మిగతా తంతు వృథా ప్రయాస, ఇది మాత్రం హత్యతో సమానం.

ఒకే మనిషి బుద్ధి గట్టు మీద ఒకలా, గడపలో మరొకలా ఎందుకు పనిచేస్తుంది? నా ఉద్దేశంలో కారణం ఒక్కటే. చెరువులో తప్పు చేస్తే పంట చేతికొచ్చేలోపే తెలిసిపోతుంది, అప్పు మీద పడుతుంది. ఆచారాన్ని మాత్రం ఎవరూ లెక్క అడగరు. బిడ్డ బతికితే తాయెత్తు మహిమ, పోతే తలరాత. ఏ ఫలితం వచ్చినా ఓడిపోని నమ్మకాన్ని పరీక్షించే దారే ఉండదు.

కలరా పురుగు కూడా ఈ విబ్రియో జాతిదే. ఒకప్పుడు గోదావరి జిల్లాల్లో కలరా చెలరేగితే మరిడమ్మకు కోపం వచ్చిందని జాతర చేసి బలులిచ్చేవారు. జాతరకు జనం గుమిగూడి, ఒకే చెరువు నీళ్ళు తాగితే జబ్బు ఇంకా పాకేది. 1884లో రాబర్ట్ కాక్ కలకత్తాలో, రోగుల పేగుల్లోనూ వాళ్ళు వాడుకునే చెరువు నీళ్ళలోనూ ఆ పురుగును పట్టుకున్నాడు. 1971లో బెంగాల్ శరణార్థి శిబిరంలో దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీళ్ళు తాగించి వేలమందిని బతికించాడు. అమ్మవారి కోపం తగ్గినందువల్ల కలరా తగ్గలేదు. నీళ్ళు మారాయి, వైద్యం మారింది.

మన శుచి శుభ్రాల పట్టింపు మొదటినుంచీ తప్పుచోటే కాపలా కాసింది. బిందెను ఏ కులంవాళ్ళు ముట్టుకున్నారన్నది మడి చూస్తుంది, ఆ బిందెలోకి నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయన్నది చూడదు. ఏలూరు, గుడివాడ, విజయవాడల మురుగు డ్రెయిన్ల వెంట చివరికి దిగేది కొల్లేట్లోకే. ఆ నీటి చుట్టూ ఉన్న లంక గ్రామాలవాళ్ళు మంచినీళ్ళ టిన్నులు కొనుక్కుని తాగుతున్నారు. మనిషి స్పర్శకు మైల అంటగట్టిన సమాజం మలం కలిసిన నీటికి మాత్రం ఏ మైలా అంటగట్టలేదు. ఇంతకంటే పెద్ద తప్పు నాకు మరొకటి కనిపించదు.

కడుపు సంగతీ అంతే. నెలకోసారి ఆముదం తాగి కడుపు కడిగేసుకోవాలని మన ఇళ్ళల్లో గట్టి నమ్మకం. పెద్దపేగు విషపు గుంట అన్న భ్రమ మనకొక్కళ్ళకే లేదు. 20వ శతాబ్దం మొదట్లో లండన్ సర్జన్ ఆర్బత్నాట్ లేన్ మలబద్ధకానికి ఏకంగా పెద్దపేగునే కోసి తీసేసేవాడు. నోబెల్ పొందిన మెచ్నికాఫ్ కూడా పెద్దపేగులోని బ్యాక్టీరియానే ముసలితనానికి మూలమని నమ్మాడు. పెద్దపేరున్న డాక్టరు చెప్పినా తప్పు తప్పే. మన ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటుందని 2016లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త రాన్ మైలో బృందం అంచనా కట్టింది. అంతా కలిపి తూచితే 200 గ్రాములు. అందులో అత్యధికం పెద్దపేగులోనే. మనం అరిగించుకోలేని పీచును అది పులియబెట్టి, పేగు గోడ కణాలకు ఆహారంగా మారుస్తుంది. చోటంతా తాను ఆక్రమించుకుని జబ్బు పురుగులను నిలవనివ్వదు. ఆముదం పోసి కడగవలసిన మురికి అక్కడ లేదు.

అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది ముర్రుపాల సంగతి. మన గోదావరి ఊళ్ళల్లో ఆవో గేదో ఈనితే జున్నుపాల కోసం చుట్టాలంతా ఎదురుచూస్తారు. గిన్నెల్లో పోసి పంచుకుంటారు, బెల్లం, మిరియాలు వేసి వండుకుంటారు. తల్లికి వచ్చే అవే తొలిపాలను మాత్రం చెడ్డవని పిండి పారబోసిన ఇళ్ళెన్నో! వాటి బదులు పసికందు నోట్లో తేనె, చక్కెర నీళ్ళు, ఆముదం పోస్తారు. ముర్రుపాలలో రోగాలను అడ్డుకునే యాంటీబాడీలు దండిగా ఉంటాయి. తల్లిపాలలో బిడ్డ అరిగించుకోలేని కొన్ని చక్కెరలు కూడా ఉంటాయి. అవి బిడ్డ పేగులో చేరే బైఫిడో బ్యాక్టీరియాకు ఆహారం. అంటే తల్లి తన బిడ్డకే కాక బిడ్డ కడుపులోని సూక్ష్మజీవులకూ పాలు పడుతోంది. తేనెతో అయితే ఏడాదిలోపు పిల్లలకు బాటులిజం ప్రమాదం ఉంది.

ఈ నేల మీద పుట్టిన ఒక మనిషి జీవితం ఈ కథంతటికీ సాక్ష్యం. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. ఆయన అన్నదమ్ములిద్దరు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే పేగుజబ్బుతో పోయారు. తిన్నది ఒంటబట్టక, విరేచనాలతో, రక్తం పలచబడి మనిషి కృశించిపోయే జబ్బది. ఆయనకూ సోకింది. మద్రాసులో ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారని ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. హేతువాదులు ఈ ముక్క దాటవేయకూడదు. ఆ వైద్యం వల్లే తగ్గి ఉండవచ్చు, తగ్గే సమయం వచ్చి తగ్గి ఉండవచ్చు, ఒక్క రోగిని చూసి తేల్చలేం. గమనించవలసింది సుబ్బారావు తర్వాత ఏం చేశారన్నది. నాకు తగ్గింది చాలు అనుకోలేదు, ఆ మందుకు జీవితాంతం ప్రచారకుడిగానూ మిగిలిపోలేదు. 1922లో అమెరికా వెళ్ళి, కాలేయంలో రక్తం పెంచే పదార్థమేదో ఉందని ఏళ్ళ తరబడి వెతికారు. 1945లో లెడర్లీ సంస్థలో ఆయన నడిపిన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. అక్కడే బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశాడు. అది టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిది.

స్ప్రూ రోగుల చిన్నపేగు పైభాగంలో ఉండకూడని బ్యాక్టీరియా పాతుకుపోయి ఉంటుందని తర్వాత తేలింది. ఈనాటికీ ఆ జబ్బుకిచ్చే ముఖ్యమైన మందులు రెండు: ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్. అన్నదమ్ములను పొట్టనబెట్టుకున్న జబ్బుకు మొదటి మందూ, రెండో మందు కుటుంబంలో తొలిదీ ఆయన చేతి కిందే తయారయ్యాయి. 1948 ఆగస్టులో ఆయన కన్నుమూశారు.

టెట్రాసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్ మందునే మనం కొత్త తాయెత్తును చేశాం. విరేచనాలనగానే ఆరెంపీ దగ్గర ఓ సూది, రెండు రకాల యాంటీబయాటిక్ బిళ్ళలు. పిల్లల విరేచనాల్లో చాలావాటికి కారణం వైరస్సులు, వాటిమీద యాంటీబయాటిక్ పనిచేయదు. కడుపులో మేలుచేసే బ్యాక్టీరియా మాత్రం చస్తుంది, చావని మొండి పురుగులకు చోటు దొరుకుతుంది. 1950లో లెడర్లీ శాస్త్రవేత్తలే ఆరియోమైసిన్ కలిపిన దాణాతో కోడిపిల్లలు త్వరగా ఎదుగుతాయని ప్రకటించారు. ఆ దారి మన కోళ్ళఫారాలకూ, చేపల, రొయ్యల చెరువులకూ చేరింది. నిషేధించిన మందుల అవశేషాలు దొరుకుతున్నాయని 2016లో యూరప్ మన దేశపు రొయ్యల లోడ్లలో సగానికి సగం పరీక్షించడం మొదలుపెట్టింది. మనుషులకు ఆఖరి ఆధారంగా దాచుకోవలసిన కొలిస్టిన్‌ను పశువుల, కోళ్ళ, చేపల పెంపకంలో వాడకూడదని కేంద్రం 2019లో నిషేధించింది.

ఇక ఇప్పుడు గాలి మంచి బ్యాక్టీరియా వైపు తిరిగింది. చద్దన్నం, తరవాణి క్యాన్సర్‌ను కూడా పోగొడతాయని, పంచగవ్యంలో మంచి బ్యాక్టీరియా ఉందని ఫోన్లలో ప్రచారం. చద్దన్నం మంచి తిండే, పులిసిన అన్నంలో లాక్టిక్ బ్యాక్టీరియా ఉన్న మాటా నిజమే. అక్కడినుంచి క్యాన్సర్ దాకా గెంతడానికి ఆధారం లేదు. ఆవుపేడలోని సూక్ష్మజీవులు ఆవు కడుపుకు సరిపడినవి, వాటిలో మనకు జబ్బు చేసేవీ ఉంటాయి. పాత నమ్మకానికి కొత్త శాస్త్రం పేరు తగిలించినంత మాత్రాన అది రుజువైపోదు.

రుజువు ఎలా ఉంటుందో పక్క రాష్ట్రం ఒడిశా పల్లెల్లో చూడవచ్చు. పినాకి పాణిగ్రాహి బృందం 4,556 మంది నవజాత శిశువులను చీటీ వేసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు వారం రోజులు లాక్టోబాసిల్లస్ ప్లాంటారం అనే బ్యాక్టీరియానూ దాని ఆహారమైన చక్కెరనూ ఇచ్చింది, మరో గుంపుకు మందు లేని పొడి. ఏ బిడ్డకు ఏది వెళ్ళిందో ఇచ్చేవాళ్ళకూ తెలియదు. రెండు నెలల్లో సెప్సిస్‌తో రక్తం విషమించినవాళ్ళు, చనిపోయినవాళ్ళు కలిపి రెండో గుంపులో 9 శాతం, బ్యాక్టీరియా ఇచ్చిన గుంపులో 5.4 శాతం. 2017లో ఆ ఫలితాలు నేచర్ పత్రికలో వచ్చాయి. ఆ ఒక్క రకం బ్యాక్టీరియాకు, ఆ మోతాదుకు, ఆ వయసు బిడ్డలకు దొరికిన జవాబది. ఏలూరు మందుల షాపులో ప్రోబయోటిక్ అని అట్ట మీద అచ్చేసిన ప్రతి పొడికీ అది వర్తించదు.

ఇంట్లో బిడ్డకు విరేచనాలైతే చేయవలసింది చాలా తక్కువ. తల్లిపాలు ఆపకూడదు. ఆశా కార్యకర్త దగ్గర ఉచితంగా దొరికే ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి, వాంతి అయినా పది నిమిషాలాగి మళ్ళీ చెంచాతో పట్టాలి. జింకు బిళ్ళ 14 రోజులు వేయాలి. రక్తం పడినా, బిడ్డ మగతగా ఉన్నా, మూత్రం ఆగినా రాత్రి అని చూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.