గజేంద్రునికి తిరుగు ప్రయాణం ఏది?

మన ఆలయంలో నడిచే సాయంకాలపు తెలుగు తరగతిలో నేనూ ఒక విద్యార్థిని. ముప్పై ఏళ్ళకు పైగా బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి పొందిన తరువాత, పదేళ్ళ పిల్లల సరసన కూర్చుండి గుణింతాలు దిద్దుకొని నేర్చిన భాష ఇది. కనుక నా వాక్యంలో తప్పు దొరలితే పెద్దలు మన్నించగలరు. నా వాదంలో తప్పు ఉన్నదని తోస్తే మాత్రం మన్నించనవసరం లేదు. ఈ పత్రికలోనే బదులు వ్రాయండి.

కొన్ని వారాల క్రిందట మా తరగతిలో గజేంద్ర మోక్షం పాఠం జరిగింది. పోతనగారి భాగవతంలో అష్టమ స్కంధంలోని ఆ కథను మా పంతులమ్మగారు చిన్న చిన్న మాటలలో చెప్పారు. సరస్సు, కాలు పట్టిన మొసలి, ఏమీ చేయలేక చూస్తూ నిలిచిన ఆడ ఏనుగులు, మొర విని పరుగున వచ్చిన శ్రీహరి. పాఠం ముగిశాక ఒక పసివాడు లేచి, "మరి మన ఆక్లాండ్ జూ ఏనుగును ఎవరు విడిపించారండీ?" అని అడిగాడు. పెద్దలమందరం నవ్వాము. ఆ రాత్రి ఇంటికి చేరాక నా నవ్వుకు నేనే సిగ్గుపడ్డాను. ఆ బిడ్డకు ఇవ్వవలసిన జవాబు ఇది: నాయనా, ఎవరూ విడిపించలేదు. ఒక ఆవరణ నుండి మరొక ఆవరణకు మార్చారు, అంతే.

నా అభిప్రాయం ముందే సూటిగా చెబుతాను. అడవికి తిరిగి పోయే దారి లేకుండా, మన వినోదం కోసం, ఒక వన్యప్రాణిని జీవితాంతం కంచెలో ఉంచడం అధర్మం. మేత ఎంత మంచిదైనా, కాపరి ఎంత దయగలవాడైనా అది అధర్మమే. ఈ మాట ఇతరులకంటె ముందు మనకు తెలియవలసినది. ఎందుకో చెబుతాను.

ఆక్లాండ్ జూ 1922 డిసెంబరులో తెరిచారు. మరుసటి ఏడాదే భారతదేశం నుండి ఒక ఏనుగు వచ్చింది. దాని పేరు జమున. మన పుణ్యనది పేరు పెట్టి, వీపున అంబారీ కట్టి, పిల్లలను ఎక్కించి త్రిప్పారు. 1965లో చనిపోయేవరకు అది ఇక్కడే ఉన్నది. 1930లో టాస్మేనియా నుండి రాజా అనే మగ ఏనుగును తెచ్చారు. దానికి కోపం ఎక్కువైందని 1936లో తుపాకితో కాల్చి చంపారు. ఎవరో దాని తొండంలో వెలుగుతున్న చుట్ట పెట్టినందువల్లనే అది మనుషులను ద్వేషించిందని చెప్పుకుంటారు. చచ్చిన తరువాత కూడ రాజాకు విడుదల లేదు. తోలు ఒలిచి, లోపల కూరి, ఆక్లాండ్ మ్యూజియంలో నిలబెట్టారు.

తరువాత 1973లో కషిన్ వచ్చింది. ఒక బ్యాంకు పిల్లల చేత పొదుపు చేయించడానికి పంచిన బొమ్మ ఏనుగు పేరే దానికీ పెట్టారు. పేరులోనే డబ్బు చప్పుడు వినిపిస్తుంది. కీళ్ళ నొప్పులతో, పాదాల పుండ్లతో బాధపడిన కషిన్‌కు 2009 ఆగస్టులో ప్రశాంత మరణం కలిగించారు. వీడ్కోలు చెప్పడానికి వేలమంది వచ్చారు. ఆ వేలమంది ప్రేమ నిజమైనదే, నేను కాదనను. కాని ఆ ప్రేమ దాని పాదాలకు మెత్తని నేల కాలేదు.

ఇక అంజలి కథ వినండి. అది శ్రీలంక ప్రభుత్వం ఇచ్చిన కానుక. పిన్నవల నుండి బయలుదేరిన ఆ ఏనుగుపిల్లను తిన్నగా ఇక్కడికి తేలేదు. నియూ అనే చిన్న దీవిలో కొన్ని నెలలు క్వారంటైన్‌లో ఉంచి, 2015లో ఆక్లాండ్ చేర్చారు. ఈ వార్త చదివిన నాడు నా చేతిలోని కాగితం వణికింది. ఎందుకంటే ఒక ఓడ, తరువాత ఒక చిన్న దీవి, ఆ దీవిలో క్వారంటైన్, ఆ తరువాత ఎవరి క్రింద బ్రతకాలో ఎవరో నిర్ణయించడం, ఇవన్నీ మా ఇంటి కథలోనివి.

మా ముత్తాత ఫిజీకి గిర్మిట్ మీద వెళ్ళినవాడు. ఆంగ్లంలోని అగ్రిమెంట్ అనే మాట కూలీల నోట గిర్మిట్ అయింది. 1879లో కలకత్తా నుండి, 1903 నుండి మద్రాసు రేవు నుండి కూడ ఓడలు సాగాయి. 1916 వరకు సుమారు 60,000 మంది వెళ్ళారు. వారిలో నాలుగవ వంతు మద్రాసు నుండి ఎక్కినవారు. మన తెలుగువారు ఆ ఓడలలోనే ఉన్నారు. ఫిజీ చేరగానే సువా దగ్గరి నుకులావు దీవిలో క్వారంటైన్. అక్కడి నుండి చెరకు తోటలకు పంపకం. ఆ తరువాత అయిదేళ్ళు కూలీ లైన్లలో కాపురం. మా ముత్తాత తాను చదవలేని కాగితం మీద వ్రేలిముద్ర వేశాడు. ఆర్కాటీ చెప్పిన దూరం వేరు, ఓడ పోయిన దూరం వేరు.

"మా పెద్దలను పశువులతో పోలుస్తావా?" అని ఈపాటికి మీలో కొందరికి కోపం వచ్చి ఉంటుంది. ఆ కోపం నాకు తెలుసు, నాలోనూ ఉంది. మా పెద్దలు పశువులు కారు. వారిని పశువుల వలె లెక్కించినవారు తోటల యజమానులు. ఆ లెక్క ఎంత క్రూరమైనదో మన రక్తానికి తెలుసు గనుకనే, అదే లెక్కను మరొక ప్రాణి మీద వేస్తున్నప్పుడు మనం గుర్తు పట్టగలగాలని నా మనవి.

పైగా ఆ కఠినమైన ఒప్పందంలో కూడ ఒక వాక్యం ఉండేది. అయిదేళ్ళు గడిస్తే సొంత ఖర్చుతో తిరిగి పోవచ్చు. పదేళ్ళు గడిస్తే ఓడ ఖర్చు ప్రభుత్వానిదే. చాలామంది పోలేదు, పోలేకపోయారు. అయినా తిరుగు ప్రయాణం అన్న మాట కాగితం మీద ఉన్నది. నోరున్న మనుషులు గనుక తమ గోడు చెప్పుకున్నారు, వినేవారు దొరికారు, 1920 జనవరి 1న మిగిలిన ఒప్పందాలన్నీ రద్దయ్యాయి. జమునకు అటువంటి ఒక్క వాక్యం ఎవరు వ్రాశారు? 2022లో అంజలిని ఆస్ట్రేలియాలోని డబ్బో జూకు పంపారు. 1990 నుండి ఇక్కడ ఉన్న బర్మా అనే ఏనుగును 2024 నవంబరులో క్వీన్స్‌లాండ్‌లోని మరొక జూకు విమానంలో పంపారు. తోడు ఏనుగులు దొరుకుతాయని పంపారు. అది మంచి పనే. కాని బర్మా పుట్టిన మయన్మార్ అడవి ఆ ప్రయాణపు దారిలో లేదు.

జూలను సమర్థించేవారి మాటలు మూడు. ఒక్కొక్కదానికి జవాబు చెబుతాను.

మొదటిది, "అక్కడ ఆకలి లేదు, పులి భయం లేదు, వైద్యుడు ఉన్నాడు, ఏనుగు సుఖంగా ఎక్కువ కాలం బ్రతుకుతుంది." 2008లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. యూరప్ జూలలో పుట్టిన ఆసియా ఆడ ఏనుగుల మధ్యస్థ ఆయుర్దాయం సుమారు 19 ఏళ్ళు. బర్మా కలప శిబిరాలలో దుంగలు లాగే ఏనుగులది సుమారు 42 ఏళ్ళు. కలప శిబిరం కూడ స్వేచ్ఛ కాదు. అయినా అక్కడి చాకిరీలో ఉన్న ఆయుష్షు జూ సుఖంలో లేకపోయింది. గజేంద్రుణ్ణి పట్టిన మొసలి అతనికి పూటపూటా చెరకు గడలు తినిపించి ఉంటే, శ్రీహరి వైకుంఠం నుండి దిగి రానవసరం లేదంటారా?

రెండవది, "పిల్లలకు కళ్ళారా చూపకపోతే ప్రాణుల మీద ప్రేమ ఎట్లా కలుగుతుంది?" మా నాయనమ్మ ఫిజీ చెరకు పొలాల మధ్య పుట్టి అక్కడే కన్నుమూసింది. ఆమె జన్మలో ఏనుగును చూడలేదు. కాని రాత్రి దీపం ముందు ఆమె గజేంద్రుని కథ చెబుతుంటే, సగం తెలుగు అర్థం కాని మేము కూడ కన్నీళ్ళు పెట్టుకునేవాళ్ళం. కంచె వెనుక ఏనుగును చూసిన బిడ్డ ఏనుగును నేర్చుకోడు, కంచెను నేర్చుకుంటాడు. ఇదే ఆక్లాండ్ జూలో 1956 నుండి కొన్నేళ్ళపాటు చింపాంజీల చేత టీ పార్టీలు ఆడించారు. బల్ల వేసి, కప్పులు పెట్టి, చుట్టూ చేరి నవ్వారు. ఆనాటి చింపాంజీలలో చివరిదైన జేనీ 2013 వరకు బ్రతికింది. మన నవ్వు కొన్నేళ్ళలో ఆగిపోయింది. దాని నిర్బంధం అర్ధ శతాబ్దానికి పైగా సాగింది.

మూడవది, "జూలు అంతరించిపోయే జాతులను కాపాడుతున్నాయి." ఇది బలమైన మాట, దీనిని తేలికగా త్రోసివేయలేను. 2019లో కాకాపో చిలుకలకు ఊపిరితిత్తుల బూజు రోగం సోకినప్పుడు, ఆక్లాండ్ జూ వైద్యులు వాటికి రాత్రింబవళ్ళు చికిత్స చేశారు. కోలుకున్న పక్షులు తమ దీవికి తిరిగి వెళ్ళాయి. వేటాపుంగా అనే పెద్ద కీటకాన్ని వేల సంఖ్యలో పెంచి హౌరాకీ సింధుశాఖ దీవులలో విడిచిపెట్టారు. ఆ పనికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను. ఎందుకు? అక్కడ తిరుగు ప్రయాణం ఉంది. రోగి కోలుకొని ఇంటికి పోయే చోటు ఆసుపత్రి. ఎన్నడూ పోలేని చోటుకు వేరే పేరు ఉంది. అయితే కాకాపోకు చేసిన సేవను చూపించి సింహాన్ని కంచెలో ఉంచడం సమర్థించకూడదు. ఆక్లాండ్‌లో ఇన్నేళ్ళు ఉన్న ఏనుగులలో ఎన్ని తిరిగి అడవి చేరాయో లెక్కించండి. ఒక్కటీ లేదు.

మార్పు అసాధ్యం కాదు. భారతదేశంలో కేంద్ర జూ ప్రాధికార సంస్థ 2009లోనే, జూలలో ఏనుగులు ఉండకూడదు, అటవీ శిబిరాలకు పంపాలని ఆదేశించింది. అమలు పూర్తిగా జరగకపోయినా మాట చెప్పింది. శ్రీలంక 2016లో నంది అనే మరొక ఏనుగుపిల్లను ఈ దేశానికి కానుకగా ప్రకటిస్తే, అక్కడి వారే కోర్టుకు వెళ్ళి ఆపారు. నంది తన దేశంలోనే మిగిలింది. ఇక్కడి జంతు సంక్షేమ చట్టం కూడ 2015 సవరణతో జంతువులకు అనుభూతి ఉన్నదని ఒప్పుకున్నది. అనుభూతి ఉన్నదని చట్టంలో వ్రాసి, ఆ అనుభూతికి టిక్కెట్టు పెట్టడం ఏమి న్యాయం?

కనుక మన ఆలయ కుటుంబాలకు నా విన్నపం మూడు మాటలు. సెలవులలో తరగతి పిల్లలను జూకు తీసుకుపోయే ఆచారం మానుదాం. దానికి బదులు టిరిటిరి మటంగి దీవికి తీసుకుపోదాం. ఒకప్పుడు బోడి పచ్చిక బయలైన ఆ దీవిలో స్వచ్ఛంద సేవకులు రెండున్నర లక్షలకు పైగా మొక్కలు నాటి అడవి చేశారు. వెల్లింగ్టన్ వెళ్ళినవారు జీలాండియా చూపించండి. అక్కడా 8.6 కిలోమీటర్ల కంచె ఉంది, కాని అది ఎలుకలను, పిల్లులను లోనికి రానీయకుండా వేసినది. పక్షులు దాని మీదుగా ఇష్టమున్నంత దూరం ఎగిరిపోతాయి. రెండవది, ఆక్లాండ్ జూ మన నగరపాలక సంస్థది, మన పన్నుల సొమ్ముతో నడుస్తున్నది. స్థానిక ప్రాణుల చికిత్సకు సొమ్ము పెంచండి, ఇకపై దూరదేశాల పెద్ద జంతువులను తేవద్దు అని మన సభ్యులకు ఉత్తరాలు వ్రాద్దాం. ఇప్పుడు ఉన్నవాటిని వీధిలో వదలమని నేను అనను. వాటిని చివరివరకు గౌరవంగా పోషించి, ఆ వరుసను అంతటితో ముగించమంటాను.

మూడవది అన్నిటికంటె సులభం. వచ్చే వినాయక చవితికి ఏనుగు ముఖానికి హారతి పట్టేటప్పుడు, ఆ పసివాని ప్రశ్న మీ పిల్లలకు చెప్పండి. జవాబు మీరు చెప్పకండి. వాళ్ళనే చెప్పనీయండి. మా ముత్తాత తిరిగి వెళ్ళలేకపోయాడు. ఆయన మునిమనవణ్ణి నేను, ఆయన భాషను అరవై ఏళ్ళు దాటాక తరగతిలో తిరిగి నేర్చుకుంటున్నాను. తిరుగు దారి మూసుకుపోతే తరతరాలకు ఏమి పోతుందో తెలిసిన కుటుంబాలు మనవి. ఆ తెలివిని మనవరకే దాచుకుంటే, గజేంద్ర మోక్షం మన పిల్లలకు ఒక పాఠంగానే మిగిలిపోతుంది.